‘మీవాళ్లు’ అన్న మాట

జర్మనీలోని వుప్పర్టాల్‌కు ఉద్యోగరీత్యా వచ్చి ఆరేళ్లయింది. బార్మెన్ ప్రాంతంలో నేను రోజూ నడిచే దారిలో సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం ఉంది. పక్కనే ఉన్న చర్చికి కాపలా అక్కరలేదు, దీనికి మాత్రం పోలీసులు కావాలి. 1938 నవంబరులో నాజీలు ఈ ఊరి పాత సినగాగులను తగలబెట్టారు. ఇప్పుడున్నది 2002లో కట్టినది. 2014 జూలైలో, గాజాలో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ముగ్గురు పాలస్తీనా యువకులు రాత్రివేళ దీని మీద పెట్రోలు సీసాలు విసిరారు. ఎవరికీ గాయాలు కాలేదు. గాజా వైపు లోకం దృష్టి మళ్లించాలనుకున్నామని వారు చెప్పగా, 2015లో ఇక్కడి కోర్టు యూదు ద్వేషం రుజువు కాలేదని తేల్చి, విధించిన జైలుశిక్షను అమలు కాకుండా నిలిపివేసింది.

ఆ తీర్పు నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని నిలదీయాలనుకున్నవారు బెర్లిన్‌లో దాని రాయబార కార్యాలయం ముందు నినాదాలు చేయవచ్చు. ఈ మందిరానికి వచ్చేవారిలో చాలామంది పూర్వపు సోవియట్ యూనియన్ నుంచి, నాలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు.

2023 చివర్లో మా ఆఫీసు క్యాంటీన్‌లో, ఇక్కడే పుట్టి పెరిగిన యూదు సహోద్యోగి దగ్గరకు ఒకాయన పళ్లెం పట్టుకుని వచ్చి, “గాజాలో మీవాళ్లు ఎప్పుడు ఆపుతారు?” అని అడిగాడు. సహోద్యోగి బదులివ్వకుండా, చల్లారిపోయేదాకా సూపులో చెంచా తిప్పుతూ కూర్చున్నారు. ఆ సాయంత్రం, పైనున్న పట్టాలకు వేలాడుతూ నడిచే ఈ ఊరి రైల్లో, అక్టోబరు 7న హమాస్ చేసిన హత్యలను ఎంత ఖండిస్తానో, గాజాలో పిల్లలను చంపుతున్న బాంబుదాడులనూ అంతే ఖండిస్తానని ఆయనతో చెప్పాను. దిగవలసిన స్టేషను దాటిపోయేదాకా వాదించారు గానీ నొచ్చుకోలేదు. “నువ్వు ప్రభుత్వాన్ని అంటున్నావు, మధ్యాహ్నం ఆయన నన్ను అన్నాడు” అన్నారు.

2016లో అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మరణ కూటమి ఆమోదించిన నిర్వచనం కూడా, ఇతర దేశాలను విమర్శించినట్టే ఇజ్రాయెల్‌ను విమర్శించడం యూదు ద్వేషం కాదంటుంది, ఆ రాజ్యం చేసిన పనులకు యూదులందరినీ బాధ్యులను చేయడాన్ని మాత్రం ద్వేషానికి ఉదాహరణగా చూపుతుంది. అయినా ఆ నిర్వచనాన్నే అడ్డుపెట్టుకుని, గాజా గురించి నోరెత్తినవారి మీద యూదు ద్వేషులన్న ముద్ర వేసేవారున్నారు. దాని ముసాయిదా రచనలో ముఖ్యపాత్ర వహించిన కెన్నెత్ స్టెర్న్ స్వయంగా ఈ ధోరణిని తప్పుపట్టారు. నిజంగా సీసా వచ్చి సినగాగ్ మీద పడిన రోజున ‘యూదు ద్వేషం’ అన్న మాటకు విలువ లేకుండా పోతుందని నా భయం. ఈ ఒక్క విషయంలో నాకూ ఆ సహోద్యోగికీ ఇంకా పొసగలేదు. ఆ ముద్ర వేయడంలో తొందరపడితే ఒకరి పరువు పోతుందని, ఆలస్యం చేస్తే ప్రాణాలే పోతాయని ఆయన అంటారు.