పచ్చకామెర్లొస్తే కీళ్ళనొప్పులు తగ్గాయట

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి, అదే కీళ్ళవాతానికి, మందులు మొదలుపెట్టాక నాకొక అలవాటైంది, వేసుకునే ప్రతి మాత్ర వెనక కథేంటో వెతికి చదవడం. డాక్టర్‌ని అడిగితే చెప్తారేమోగానీ బయట అంతమంది కూర్చుని ఉంటే నేను వేసుకునే ఈ మెథోట్రెక్సేట్ మాత్ర చరిత్ర చెప్పండి సార్ అని ఎలా అడుగుతాం చెప్పండి. అలా చదువుతూ పోతే నాకు తేలిందేంటంటే ఈ ఆటోఇమ్యూన్ జబ్బుల్లో (అంటే మన రోగనిరోధక శక్తి మన ఒంటి మీదకే తిరగబడేవి) పెద్ద పెద్ద సంగతులు చాలావరకు ముందు పేషెంట్ ఒంట్లోనే బయటపడ్డాయి, రీసెర్చర్ గొప్పతనమంతా దాన్ని ఆఁ ఏదో కాకతాళీయంలే అని వదిలెయ్యకుండా ఏళ్ళ తరబడి పట్టుకుని వేలాడటంలో ఉంది.

ఫిలిప్ హెంచ్ సంగతే తీసుకోండి. అమెరికాలో మేయో క్లినిక్‌లో కీళ్ళ జబ్బులు చూసేవాడు. 1929లో ఆయన దగ్గరున్న ఒక కీళ్ళవాతం పేషెంట్‌కి పచ్చకామెర్లు వచ్చాయి, వచ్చీరాగానే కీళ్ళనొప్పులు తగ్గడం మొదలైంది, కామెర్లు పోయాక కూడా కొంతకాలం హాయిగా ఉన్నాడట. ఇంకొకరైతే విని ఊరుకునేవాళ్ళు. హెంచ్ మాత్రం ఇలాంటి కేసులు ఒక్కొక్కటే పోగేస్తూ వచ్చాడు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళలో కూడా నొప్పులు తగ్గిపోయి కాన్పయ్యాక మళ్ళీ తిరగబెట్టడం గమనించాడు. అంటే ఈ జబ్బొస్తే ఇక ముందుకే తప్ప వెనక్కి తిరగదు అనుకున్నది తప్పన్నమాట, ఒంట్లోనే ఏదో పదార్థం దీన్ని ఆపగలుగుతోంది. అదేంటో తెలీదు కాబట్టి సబ్‌స్టెన్స్ ఎక్స్ అని పేరు పెట్టుకున్నాడు. పైత్యరసంలోని లవణాలు ఇచ్చి చూశాడు, కామెర్లున్న వాళ్ళ రక్తం ఎక్కించి చూశాడు (ఇప్పుడైతే ఎథిక్స్ కమిటీ గుమ్మం కూడా దాటనివ్వదు), లాభం లేకపోయింది.

అదే మేయోలో ఎడ్వర్డ్ కెండల్ అనే కెమిస్ట్ కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథిలోంచి రకరకాల పదార్థాలు విడదీసి కాంపౌండ్ ఎ, కాంపౌండ్ బి అంటూ అక్షరాలు తగిలిస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడుకుని కాంపౌండ్ ఇ ఇచ్చి చూద్దాం అనుకున్నది 1941లో, కానీ ఇవ్వడానికి సరుకేదీ? మనిషికి సరిపడా తయారయ్యేసరికి 1948 వచ్చేసింది. మెర్క్ కంపెనీ దాన్ని ఎద్దు పిత్తంలో ఉండే ఒక ఆసిడ్ నుంచి బోలెడు స్టెప్పుల్లో తయారుచేసింది, హెంచ్ మొదట్లో అనుమానపడ్డ పైత్యరసమే చివరికి ఇలా ముడిసరుకుగా తేలడం నాకు భలే తమాషాగా అనిపిస్తుంది. ఆ సెప్టెంబర్‌లో సరిగ్గా కదల్లేని 29 ఏళ్ళ ఆవిడకి ఇంజెక్షన్లు మొదలుపెడితే వారం తిరిగేసరికి లేచి నడుచుకుంటూ షాపింగ్‌కి వెళ్ళొచ్చింది. 1950లో హెంచ్‌కి, కెండల్‌కి, స్విట్జర్లాండ్‌లో ఇదే పని మీదున్న రైష్‌స్టైన్‌కి కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ కాంపౌండ్ ఇ అంటే కార్టిసోన్, మనం ఇప్పుడు స్టెరాయిడ్లు అనే మందుల్లో ముందు వచ్చింది అదే. మొహం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, ఆపితే జబ్బు మళ్ళీ విరుచుకుపడటం లాంటివన్నీ కూడా తొందర్లోనే బయటపడ్డాయి, హెంచ్ కూడా ఇది జబ్బుని పూర్తిగా నయం చేస్తుందని ఎప్పుడూ అనలేదు.

మెథోట్రెక్సేట్ కథ వేరే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ల్యాబ్స్ అనే మందుల కంపెనీలో ఉన్నప్పుడు ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందులు తయారుచేసింది, సిడ్నీ ఫార్బర్ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడిన అమినోప్టెరిన్ అందులోదే, మెథోట్రెక్సేట్ దానికి దగ్గరి చుట్టం. 1951లోనే గుబ్నర్ అనే డాక్టర్ అమినోప్టెరిన్ కీళ్ళవాతానికి కూడా పనిచేస్తోందని రాశాడు, కానీ అప్పుడు అందరూ కార్టిసోన్ మోజులో ఉన్నారు, పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. సరైన ట్రయల్స్ జరిగి అమెరికాలో ఈ జబ్బుకి మెథోట్రెక్సేట్ అనుమతి వచ్చింది 1988లో. 37 ఏళ్ళు! ఆ మధ్యలో ఎంతమంది వేళ్ళు వంకరపోయి ఉంటాయో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. అన్నట్టు క్యాన్సర్ మందు కదా అని భయపడేవాళ్ళు ఉంటే, కీళ్ళకి ఇచ్చే డోసు చాలా తక్కువ, అదీ వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ మింగితే మాత్రం ప్రాణం మీదకొస్తుంది, వారంలో ఏ రోజు వేసుకోవాలో స్ట్రిప్ మీద రాసుకోండి.

లూపస్ అనే ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు దగ్గర ఇంకో చిత్రం జరిగింది. ఆ పేషెంట్ల రక్తంలో యాంటీబాడీలు సొంత కణాల కేంద్రకంలో ఉన్నవాటి మీదకే పోతాయి, ఎస్‌ఎమ్, రో, లా అని రిపోర్టుల్లో కనిపించేవి ఇలాంటివాటిలో కొన్ని, ఆ పేర్లన్నీ ఎప్పుడో రక్తం ఇచ్చిన పేషెంట్ల పేర్లలోంచి వచ్చినవే. 1979లో అమెరికాలో యేల్ యూనివర్సిటీలో జోన్ స్టైట్జ్, ఆమె స్టూడెంట్ మైకేల్ లెర్నర్ కలిసి ఆ పేషెంట్ల సీరమ్‌నే (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, యాంటీబాడీలు ఉండేది అందులోనే) ఎరగా వేసి కణాల్లోంచి చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ కలిసిన ముద్దలు బయటికి లాగారు. ఆర్‌ఎన్‌ఏలో అక్కర్లేని ముక్కలు కత్తిరించి మిగతావి అతికించేది ఆ ముద్దలేనని తర్వాత తేలింది. ప్రతి మనిషి కణంలోనూ జరిగే పని అది. మామూలు బయాలజీకి అంత పెద్ద తలుపు తెరిచిన ఆ సీరమ్ ఇచ్చినవాళ్ళ జబ్బుకి మాత్రం వెంటనే ఒరిగిందేమీ లేదు, పాపం.

నాకు అన్నిటికంటే నచ్చేది టీఎన్‌ఎఫ్ కథ. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్ అనే ఇమ్యునాలజిస్టు, రవీందర్ మైనీ అనే రుమటాలజిస్టు (పుట్టింది లూధియానాలో) కలిసి పనిచేసేవాళ్ళు. వాపెక్కిన కీలులో సైటోకైన్లని బోలెడు సిగ్నల్ ప్రోటీన్లు ఉంటాయి, ఒకదాన్ని ఆపితే ఇంకోటి ఆ పని చేసేస్తుంది కాబట్టి ఒక్కదాన్ని ఆపి లాభం లేదని చాలామంది వాదన. వీళ్ళేం చేశారంటే ఎలకల దాకా పోకుండా ముందు ఆపరేషన్‌లో తీసేసిన పేషెంట్ల కీలు పొరనే తెచ్చి ల్యాబ్‌లో పెంచారు. ఆ కణాలు బయటి నుంచి ఏమీ కలపకపోయినా సైటోకైన్లు తయారుచేస్తూనే ఉన్నాయి. ఆ సైటోకైన్లలో ఒకటైన టీఎన్‌ఎఫ్‌ని ఆపే యాంటీబాడీ వేస్తే ఇంటర్‌ల్యూకిన్-1 అనే ఇంకో సైటోకైన్ కూడా పడిపోయింది. 1989లో ఆ పేపర్ వచ్చింది, మొదటి పేరు ఫియనులా బ్రెన్నన్‌ది, ఈ కథ చెప్పేటప్పుడు ఆమెని చాలామంది మర్చిపోతారు. తర్వాత ఎలకల్లో కూడా చూసుకుని 1992లో చారింగ్ క్రాస్ హాస్పిటల్‌లో టీఎన్‌ఎఫ్‌ని ఆపే యాంటీబాడీని మొదటిసారి పేషెంట్లకి ఎక్కించారు. 1994లో అచ్చయిన ట్రయల్‌లో నాలుగో వారానికి ఉత్త సెలైన్ లాంటిది ఎక్కించిన 24 మందిలో ఇద్దరికి తగ్గితే, పెద్ద డోసు ఇచ్చిన 24 మందిలో 19 మందికి తగ్గింది. ఆ మందే ఇన్‌ఫ్లిక్సిమాబ్. అయితే టీఎన్‌ఎఫ్ మన ఒంట్లో ఊరికే లేదు కదా, టీబీ క్రిముల్ని కట్టిపడేసే పనిలో దానికీ వాటా ఉంది, 2001లో ఈ మందు వాడాక టీబీ బయటపడ్డ 70 కేసులతో ఒక రిపోర్ట్ వచ్చింది. ఇలాంటి బయోలాజిక్ మందు మొదలుపెట్టే ముందు టీబీ టెస్ట్ ఎందుకు, నాకు దగ్గే లేదు కదా అని విసుక్కునేవాళ్ళకి కారణం ఇదీ.

ఇప్పుడు అందరి నోటా కార్-టీ (పేషెంట్ సొంత ఇమ్యూన్ కణాలనే తీసి, ల్యాబ్‌లో మార్చి మళ్ళీ ఎక్కించే వైద్యం) మాట వినిపిస్తోంది, అది కూడా బ్లడ్ క్యాన్సర్ వాళ్ళ దగ్గర తెచ్చుకున్న అప్పే. జర్మనీలో ఎర్లాంగెన్‌లో గెయార్గ్ షెట్ బృందం 2021లో లూపస్ ఉన్న 20 ఏళ్ళ అమ్మాయికి ఇచ్చారు, 2024లో మొత్తం 15 మంది గురించి రాస్తే వాళ్ళందరూ ఇమ్యూన్ మందులు ఆపేయగలిగారు. పదిహేను మందే అని గుర్తుంచుకుని సంతోషపడాలి.

నన్ను ఎక్కువ ఆలోచింపచేసింది మాత్రం ఒక పాత రక్తం కథ. నెదర్లాండ్స్‌లో, తర్వాత కీళ్ళవాతం వచ్చిన 79 మంది అంతకుముందు రక్తదానం చేసి ఉన్నారు, ఆ సీరమ్ ఫ్రీజర్లలో అలాగే ఉంది. తీసి చూస్తే దాదాపు సగం మందిలో నొప్పులు రాకముందే ఈ జబ్బు తాలూకు యాంటీబాడీలు ఉన్నాయి, మధ్యస్థంగా చూస్తే నాలుగున్నరేళ్ళ ముందు నుంచి. 2004లో అచ్చయింది. మరి అంత ముందే తెలిస్తే అప్పుడే ఆపొచ్చు కదా? అదీ చేసి చూశారు. బ్రిటన్‌లో, నెదర్లాండ్స్‌లో యాంటీబాడీ పాజిటివ్ ఉండి కీళ్ళు నొప్పిగా ఉన్నా ఇంకా వాపు రానివాళ్ళకి ఏడాదిపాటు అబటాసెప్ట్ అనే కీళ్ళవాతం మందు ఇచ్చారు, 2024లో రిజల్ట్ వచ్చింది. ఏడాదికి జబ్బు వచ్చింది మందు వాడినవాళ్ళలో 6 శాతం మందికి, వాడనివాళ్ళలో 29 శాతం మందికి. మందు ఆపాక రెండో ఏడాది చివరికి చూస్తే 25, 37. తేడా సన్నగిల్లింది, ఇంకోవైపు ఏ మందూ లేకుండానే సగానికి పైగా జనానికి అప్పటిదాకా జబ్బు రానే లేదు.

నన్నడిగితే నాకు మొదలవ్వకముందు ఎవరైనా ఆ ఏడాది మందు ఇస్తామని ఉంటే చెయ్యి చాపేసేదాన్ని. మా చెల్లిని ఆ యాంటీబాడీ టెస్ట్ చేయించుకోవే అంటే పాజిటివ్ వస్తే ఏం చెయ్యాలో మీ డాక్టర్లే తేల్చుకోలేదు నాకెందుకు ఈ టెన్షన్ అంది. అదీ నిజమే, ఏ నొప్పీ లేనివాళ్ళకి ఊరికే ఆ టెస్ట్ చెయ్యమని డాక్టర్లు కూడా మామూలుగా చెప్పరు. పొద్దున్నే లేవగానే వేళ్ళు గంటసేపు బిగుసుకుపోవడం, పిడికిలి పట్టకపోవడం లాంటిది కనిపిస్తే మాత్రం పెయిన్ కిల్లర్ వేసుకుని నెలలు నెట్టకుండా నేరుగా రుమటాలజిస్ట్ దగ్గరికే పొమ్మన్నాను, దానికి సరేనంది.