స్కోరుబుక్కు రాసినావిడ

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో సన్మానం ఎలా జరుగుతుందో ఈ చుట్టుపక్కల పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. షామియానా, శాలువా, మెమెంటో, గంటన్నర ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి. ఈమధ్య మా బడి పాత విద్యార్థులంతా కలిసి, ఆటల్లో బడికి పేరు తెచ్చినవాళ్లనీ, వాళ్ల వెనక నిలబడ్డవాళ్లనీ పిలిచి గౌరవిద్దామనుకున్నారు. అమెరికా హైస్కూల్లో పనిచేసొచ్చానని నన్నూ కమిటీలో వేశారు. "అక్కడ ఎలా చేస్తారో చూశావు కదరా, చెప్పు" అన్నారు. టీ తాగేలోగా తెమిలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

నేను వెళ్లింది జే-1 వీసా మీద. లెక్కలకీ సైన్సుకీ టీచర్లు దొరకని అమెరికా జిల్లాలు మనవైపు నుంచి మనుషుల్ని తెచ్చుకునే దారి అది. మూడేళ్లు, పొడిగిస్తే ఐదేళ్లు. మళ్లీ అదే వీసా మీద పంతులుగా వెళ్లాలంటే ఆ తర్వాత రెండేళ్లు ఆ దేశం బయట గడపాలి. నాకు పడింది నార్త్ కరోలినాలో ఒక చిన్న ఊరు. పాఠం చెప్పి ఇంటికి పోతే సరిపోదక్కడ. ఆటలున్న సాయంత్రాలు టీచర్లకి డ్యూటీలు వేస్తారు. ఒకరు గేటు దగ్గర టికెట్లు చింపాలి, ఒకరు కార్లు సర్దించాలి, ఒకరు మెట్ల మీద పిల్లలు తోసుకోకుండా చూడాలి. మొదట్లో లోపల గొణుక్కునేవాణ్ణి. తర్వాత అర్థమైంది, ఊళ్లో నా మొహం నలుగురికీ తెలిసింది ఆ గేటు దగ్గరేనని.

ఒక చలికాలం బాస్కెట్‌బాల్ మొదలవగానే, లెక్కల మాస్టారు కదా అని నన్ను స్కోరు బల్ల దగ్గర గడియారం నొక్కే కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన అధికారిక స్కోరరు. డెబ్బై దాటిన పెద్దావిడ. అక్కడి హైస్కూలు నిబంధన ప్రకారం స్కోరరు రిఫరీలాగే నలుపు తెలుపు నిలువు చారల చొక్కా తొడుక్కోవాలి. ఆవిడ దాన్ని ఉన్ని స్వెటరు మీద వేసుకునేది. ముందు స్పైరల్ బైండింగు పుస్తకం, చెక్కిన పెన్సిళ్లు రెండు. బంతి బుట్టలో పడగానే ఆటగాడి వరసలో 2 అనో 3 అనో వేసి, కింద వరసగా అచ్చేసి ఉన్న అంకెల మీద గీత కొట్టేది. ఫ్రీ త్రో (ఎదుటివాడి ఫౌలుకి బదులుగా ఇచ్చే విసురు) అయితే ముందు ఖాళీ సున్నా, బంతి పడితేనే దాని కడుపు నింపడం. ఐదో ఫౌలు పడిన పిల్లవాడు బయటికి. ఆతిథ్యం ఇచ్చే జట్టు పుస్తకమే అధికారిక లెక్క కాబట్టి బోర్డు మీద ఏం వెలుగుతున్నా చివరి మాట ఆవిడదే. ఒకసారి గోడ మీది బోర్డు ఒక పాయింటు ఎక్కువ చూపిస్తుంటే ఆట ఆపించింది. జనం అరిచారు. ఆవిడ తలెత్తలేదు. పెన్సిలు మొనతో ఒక్కో గీతా రిఫరీకి చూపించింది, బోర్డు మారింది.

ఆటల్లో బడికి పేరు తెచ్చిన పాతవాళ్లని పిలిచి గౌరవించడాన్ని అక్కడ 'హాల్ ఆఫ్ ఫేమ్' అంటారు. ఆ రాత్రి ఎప్పుడంటే, అమ్మాయిల ఆటకీ అబ్బాయిల ఆటకీ మధ్య విరామంలో. సాయంత్రమే బడి భోజనశాలలో టికెట్టు పెట్టి విందు, తర్వాత కోర్టు మధ్యలోకి ఒక్కొక్కరినీ పిలవడం, గోడకి తగిలించే ఫలకం. బడి వదిలి కొన్నేళ్లు గడిస్తేగానీ ఆటగాడి పేరు పరిశీలనకే రాదు. ఆ నిబంధన నాకు నచ్చింది. నిన్న గెలిచినవాడి మీద ఇవాళ ఉండే మోజు అప్పటికి కాస్త చల్లారుతుంది కదా.

ఆ ఏడు పిలిచినవాళ్లలో 1970ల్లో ఆడిన ఒకావిడ ఉంది. వాళ్ల జట్టుకి సొంత యూనిఫారాలే లేవట, బనియన్ల మీద టేపుతో నంబర్లు అంటించుకునేవారట. ప్రభుత్వ సొమ్ము తీసుకునే బళ్లలో ఆడామగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం వచ్చింది 1972లో. దానికి ముందు సంవత్సరం దేశం మొత్తం మీద హైస్కూలు ఆటల్లో అమ్మాయిలు 2,94,015 మంది. ఇప్పుడు 34 లక్షల పైమాటే. ఒకే పిల్ల రెండు ఆటలాడితే రెండుసార్లు లెక్కపడుతుంది, అది వేరే సంగతి, పంతులు బుద్ధి కాబట్టి చెప్పకుండా ఉండలేను.

తర్వాత పిలిచింది ఒక ముసలాయన్ని. ఆయన చదివింది ఆ బడిలో కాదు. నల్లవాళ్లకి విడిగా ఉండి, తెల్ల పిల్లల్నీ నల్ల పిల్లల్నీ కలిపి చదివించాలన్నప్పుడు మూతపడిన పాత బడిలో. దక్షిణాది రాష్ట్రాల్లో అలా మూసేసిన బళ్ల ట్రోఫీలు చాలాచోట్ల చెత్తలో కలిశాయి, రికార్డులూ పోయాయి. ఆయన పరిగెత్తిన వేగానికి కాగితం లేదు. ఉన్నదల్లా అప్పట్లో పక్కన పరిగెత్తినవాళ్ల జ్ఞాపకం. కమిటీ దాన్నే సాక్ష్యంగా తీసుకుంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం చేతిలో ఫలకం తిప్పి వెనక వైపు ఏముందో చూసుకున్నాడు.

ఆఖరికి మా స్కోరరు. ఒక్క ఆటా ఆడి ఎరగని మనిషి, అయినా అదే సైజు ఫలకం. అలాంటివాళ్లకి 'కంట్రిబ్యూటర్' అని ఒక వరస పెట్టుకుంటారు. అమెరికన్ ఫుట్‌బాల్లో దూరం కొలిచే పది గజాల గొలుసు పట్టుకుని సైడ్‌లైను వెంట పరిగెత్తేవాళ్లూ, దుకాణంలో పాప్‌కార్నూ వేడి చాక్లెట్టూ అమ్మి యూనిఫారాలకి డబ్బు కూడగట్టే తల్లులూ అందులోకే వస్తారు. ఆవిడ ఫలకం తీసుకుని, ఫోటో దిగి, తిరిగొచ్చి చారల చొక్కా సర్దుకుని పెన్సిలు పట్టుకుంది. "గడియారం, మిస్టర్ రావ్" అంది. నేను అటే చూస్తూ మరిచిపోయాను.

అలాగని అక్కడంతా ధర్మమే నడుస్తుందనుకోకండి. స్కోరుబోర్డు చుట్టూ కార్ల దుకాణం, బీమా ఏజెంటు పేర్లు. డబ్బున్న పేటలో బూస్టర్ క్లబ్బుకి, అంటే బడి ఆటలకి చందాలు పోగేసే తల్లిదండ్రుల సంఘానికి, ఉన్న బలం పేద పేట బడికి ఉండదు. మావాడి పేరు ఎందుకు లేదని అలిగేవాళ్లు అక్కడా ఉన్నారు. లెక్కల్లో రాష్ట్రంలో మొదటొచ్చిన పిల్లకి జిమ్ పైకప్పు కింద బ్యానరు కట్టగా నేను చూడలేదు, ఆ మంట నాకిప్పటికీ ఉంది.

ఇక మన సంగతి. పెద్ద పేర్లకి మనకి లోటేమీ లేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కాటూలు రవికుమార్ మన బరంపురం వాడు. సరిహద్దు దాటితే ఆమదాలవలస పక్కన కరణం మల్లీశ్వరి ఊరు, 2000లో సిడ్నీ కాంస్యం. వాళ్లని సన్మానించడానికి ప్రభుత్వాలున్నాయి. మా చర్చ ఆ మెట్టుకి చేరనివాళ్ల గురించి. జిల్లా దాటి కటకం దాకా వెళ్లి వాలీబాల్ ఆడొచ్చి, ఇప్పుడు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలోనో సూరత్ మగ్గాల దగ్గరో పనిచేసుకుంటున్నవాళ్ల గురించి.

మొదటి మీటింగులోనే గొడవ. "రుజువులున్నవాళ్ల పేర్లే పెడదాం, లేకపోతే ఊరంతా వచ్చి కూర్చుంటారు" అన్నాడు మా బ్యాచ్‌వాడొకడు, బ్యాంకులో చేసి రిటైరైనవాడు. మాట సబబే. కానీ రుజువంటే సర్టిఫికెట్టు. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాసుకుంటారు, ఒడియా గుమాస్తా దాన్ని చివర వెతుకుతాడు. ఒకే కుర్రాడు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంటాడు. తెలుగు మీడియం సెక్షన్లు పలచబడ్డాక పాత రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నాయో అడిగితే ఆఫీసులో భుజాలెగరేశారు.

అప్పుడు గుర్తొచ్చారు మా డ్రిల్లు మాస్టారు. ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకు శ్రీకాకుళంలో ఉంటున్నాడు. ఫోను చేస్తే, "అటక మీద నాన్నగారి పెట్టె ఉందండీ, చూస్తాను" అన్నాడు. వారానికి బస్సు డ్రైవరు చేత సంచి పంపాడు. అందులో నాలుగు పొడుగు నోటుపుస్తకాలు. ఏ ఏడు ఏ జట్టు, ఎవరు ఏ స్థానం, ఎదుటి బడి ఏది, స్కోరెంత, దారిఖర్చుకి ఎవరు చందా ఇచ్చారు, అన్నీ ఉన్నాయి. ఒక పేజీలో "అరటిపళ్లు రెండు డజన్లు, కోమటి వీధి కొట్టు, డబ్బు పుచ్చుకోలేదు" అని ఉంది. ఆ కొట్టతను మా జాబితాలోకి ఎక్కాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నాలుగు పుస్తకాల్లో ఎక్కడా మాస్టారి పేరు లేదు. అట్ట మీద బడి పేరు, సంవత్సరం, అంతే. సంతకమైనా చెయ్యలేదు. కొత్తగా వచ్చిన ఒక సభ్యుడు, మా తర్వాతి తరం కుర్రాడు, నిబంధన పట్టుకుని కూర్చున్నాడు. "ఇది ఆయనే రాశారని రుజువేటి సార్?"

బ్యాంకువాడు పుస్తకం లాక్కుని ఒక పేజీ తెరిచాడు. "ఈ 7 అంకె చూడరా, తోక ఎలా తిప్పారో. నా ప్రోగ్రెస్ కార్డు నిండా ఇదే" అన్నాడు. వచ్చే ఆదివారం ఆ కార్డు తెస్తానన్నాడు. రుజువులు కావాలని మొదట పట్టుబట్టింది వాడే.