ఫుగర్ ముఖం, పాల కార్టన్ మీద

జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ చుట్టుపక్కల పెరిగే మన పిల్లలకు, ఆ ఊరి ధనిక వర్తకుడు యాకొబ్ ఫుగర్ (1459–1525) పేరు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. రాగి, వెండి గనులు, చక్రవర్తులకే అప్పులు, 1521లో పేదలకు కట్టించిన ఫుగరై ఇళ్ళు. ఇదంతా ఊరే చెబుతుంది. 1505లో మిరియాల కోసం మలబారు తీరానికి బయల్దేరిన పోర్చుగీసు ఓడల్లో ఫుగర్ల పెట్టుబడి కూడా ఉందన్న సంగతి మాత్రం ఇంట్లో మనమే చెప్పాలి.

చెప్పడానికి బొమ్మలున్నాయి. ఫుగర్ ముఖాన్ని చెక్క అచ్చులో దించిన ఆగ్స్‌బర్గ్ చిత్రకారుడు బుర్క్‌మైర్, ఆ ఓడల్లో వెళ్ళొచ్చిన ష్ప్రింగర్ కథనం ఆధారంగా 1508లో కొచ్చిన్ రాజు ఊరేగింపూ వేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి, ఏది కళ్ళారా చూసి వేసిందో పిల్లల్నే అడగండి.

1593లో కుస్టోస్ ఆ వంశం వాళ్ళ ముఖాలను రాగిరేకుల మీద చెక్కాడు. పెడన అద్దకం అచ్చులో పైకి లేచిన భాగానికి రంగు అంటుతుంది. రాగిరేకులో గీత లోపల నిలిచిన సిరా అచ్చవుతుంది. తేడా చేతికి తెలియాలంటే పాల టెట్రాప్యాక్ కార్టన్ చాలు, దాని లోపలి వెండిరంగు వైపే మనకు రేకు.

కార్టన్ కడిగి, మడత లేనిచోట 10×14 సెంటీమీటర్ల ముక్క కోయండి. మడత ఉంటే అక్కడ సిరా నిలిచి నల్లచార పడుతుంది. ట్రేసింగ్ కాగితం మీద ముఖం గీసి, కింద పిల్లల పేరు తెలుగులో రాసి, కాగితం తిరగేసి వెండిరంగు వైపు అతికించండి. బాల్‌పెన్‌తో నొక్కి దిద్దాక కంపాస్ మొనతో గీరాలి. తిరగేయడం మరిస్తే పేరు అద్దంలో చూసినట్టు పడుతుంది. గుండ్రటి అక్షరాలకు చెయ్యి కాదు, రేకు తిప్పాలి. రాగి చెక్కేవాళ్ళదీ అదే పద్ధతి. టోపీ, బొచ్చు కాలరు నల్లగా రావాలంటే అక్కడి వెండిరంగు పైపొర ఒలిచేయండి.

నూనె సిరా అట్టముక్కతో గీతల్లోకి పట్టించి, గరుకు పలచగుడ్డతో గుండ్రంగా తుడవండి. బడి యాక్రిలిక్ వద్దు, తుడిచేలోపే ఆరిపోతుంది. మరీ గట్టిగా తుడిస్తే గీతలు బూడిదరంగుకు దిగుతాయి. మందపాటి వాటర్‌కలర్ కాగితాన్ని పది నిమిషాలు నానబెట్టి, తువ్వాళ్ళ మధ్య అద్ది, రేకు మీద పరిచి, రెండువైపులా ఫెల్ట్‌గుడ్డ పెట్టి, చేత్తో తిప్పే పాస్తా మెషిన్‌లోంచి పంపండి. కాగితం మెరుస్తుంటే తడి ఎక్కువ, సిరా పట్టదు. ఆ మెషిన్ మళ్ళీ వంటింట్లోకి రాకూడదు.

పదీ పదిహేను ప్రతులకు గీతల అంచులు అణిగిపోతాయి. అమ్మమ్మకు పంపేది మొదట్లోనే తీసి పెట్టుకోండి.