జుట్టు కోసం వేసుకున్న బిళ్ళల లెక్క

జుట్టు రాలుతోందని చెబితే మన వైజాగ్‌లో మొదట నింద పడేది నీళ్ళ మీద. ఆ తర్వాత ఉప్పుగాలి, ఉక్కపోత, హెల్మెట్. ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఎవరిని కదిపినా వీటిలో ఒకటి చెబుతారు. మా అమ్మయితే ఇంకో అడుగు ముందుకేసి, "అప్పన్నకి తలనీలాలు ఇస్తానని మొక్కుకోవే, ఒత్తుగా వస్తుంది" అంది. ఉన్న జుట్టు నిలబెట్టుకోవడానికి నేను తంటాలు పడుతుంటే గుండు చేయించుకోమని సలహా. రోజూ ఏం మింగుతున్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఎండాకాలంలో గట్టి జ్వరం వచ్చి తగ్గింది. అది తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు ఊడటం మొదలైంది. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్ లాంటివాటి తర్వాత ఇలా జరగడం మామూలేనట. ఒంటికి దెబ్బ తగిలితే పెరుగుతున్న వెంట్రుకల్లో చాలావరకు ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయి, కొన్ని నెలల తర్వాత కలిసికట్టుగా రాలిపోతాయి. డాక్టర్లు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. చాలామందికి ఆరు నెలల్లోపు దానంతట అదే సర్దుకుంటుంది. ఆ సంగతి అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా అన్నాళ్ళు ఊరుకునేదాన్నా అంటే, అనుమానమే.

అలా ఒక్కొక్కటీ ఇంట్లోకి వచ్చి చేరాయి. జ్వరం తగ్గాక నీరసానికని రాసిన మల్టీవిటమిన్ ముందునుంచే ఉంది. మా బ్యాంకులో పక్క కౌంటర్ ఆవిడ కాడ్ లివర్ ఆయిల్ క్యాప్సూల్స్ వాడమంది. మా వదిన డల్లాస్ నుంచి వస్తూ జుట్టు కోసమని మిఠాయిలా నమిలే విటమిన్ గమ్మీలు, వాటితోపాటు "యాంటీ ఆక్సిడెంట్, చాలా మంచిది" అంటూ సెలీనియం అనే ఖనిజం బిళ్ళల డబ్బా తెచ్చింది. అంత దూరం నుంచి ప్రేమగా మోసుకొచ్చిన వస్తువుని అల్మరాలో పెట్టి ఊరుకోలేం కదా. వీటికి తోడు డ్రై ఫ్రూట్స్ షాపులో కొన్న బ్రెజిల్ నట్స్, రోజూ పొద్దున్నే మూడు. ఇవన్నీ మొదలెట్టాక కొన్నాళ్ళు రాలడం తగ్గినట్టే ఉంది. ఆ తర్వాత రెట్టింపయింది.

కార్తీకమాసంలో ఇంకో వింత. ఆ నెల మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి గుమ్మం తొక్కవు. అయినా నా నోరు వెల్లుల్లి వాసన కొడుతోందట. మా అత్తయ్య రెండ్రోజులు ఓపిక పట్టి, మూడోరోజు దీపం పెట్టి వచ్చాక మెల్లగా అడిగింది, "ఆఫీసులో బయటి తిండి ఏమైనా తింటున్నావేంటమ్మా?" అని. పెరుగన్నం డబ్బా తీసుకెళ్ళి, తిని, ఖాళీ డబ్బా తెస్తున్నదాన్ని. నాకు తల కొట్టేసినట్టయింది. నోట్లో ఎప్పుడూ ఇనుప గరిట నాకినట్టు ఒక రుచి ఉండేది కానీ, దాన్ని ఎసిడిటీ ఖాతాలో వేసేశాను. గోళ్ళు కూడా పొరలు పొరలుగా విరిగిపోయేవి. నోట్ల కట్టలు లెక్కపెట్టే ఉద్యోగం కాబట్టి అరిగిపోతున్నాయి అనుకున్నాను.

సంక్రాంతి వెళ్ళాక ఒక స్కిన్ డాక్టర్ని కలిశాను. తల చూపిద్దామని క్లిప్పు తీయబోతుంటే ఆవిడ ముందు చేతులు చూపించమంది. బొటనవేలి గోరు మీద అడ్డంగా ఉన్న తెల్ల గీతని లైటు కింద పెట్టి చూసింది. తర్వాత ఒక పాయ జుట్టు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగితే గుప్పెడు వచ్చింది.

"ఏం మందులు వాడుతున్నారమ్మా?"

"మందులేం లేవండీ, విటమిన్లే."

"ఆ విటమిన్లే చెప్పండి. అసలు చెప్పొద్దు, సీసాలన్నీ సంచిలో వేసుకుని రండి."

ఈలోగా చేయించమన్న రక్తపరీక్షల్లో ఒక గాభరా. థైరాయిడ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ. చూడగానే హైపర్ థైరాయిడ్, అంటే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోంది అనిపించే రిపోర్టు. రాత్రంతా టెన్షన్. డాక్టర్ మాత్రం గమ్మీల సీసా తిప్పి చూసి, బయోటిన్ (అదొక బి విటమిన్) 5000 మైక్రోగ్రాములు అని ఉన్న చోట వేలు పెట్టింది. మనిషికి రోజుకి చాలేది 30. బయోటిన్ ఎక్కువైతే జుట్టు ఊడదు గానీ, కొన్ని ల్యాబ్ పరీక్షల్ని తప్పుదోవ పట్టిస్తుంది. గుండెపోటుని పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా తక్కువ చూపించే ప్రమాదం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. గమ్మీలు ఆపి వారం తర్వాత మళ్ళీ చేయిస్తే థైరాయిడ్ శుభ్రంగా ఉంది. మొదటి రిపోర్టు పట్టుకుని ఎవరైనా థైరాయిడ్ మందు మొదలెట్టి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. రక్తం ఇచ్చేముందు ఏమేం వాడుతున్నారని ల్యాబుల్లో ఒక్క ముక్క అడిగితే ఏం పోతుందో.

అసలు లెక్క ఆ టేబుల్ మీద తేలింది. పాత ఓచర్ వెనక సీసాకొక వరస చొప్పున రాసుకుంటూ పోయాను. సెలీనియం బిళ్ళలో 200 మైక్రోగ్రాములు. మల్టీవిటమిన్‌లో 40. బ్రెజిల్ నట్స్ సంగతి నేను రాయనే లేదు, అవి తిండి కదా అని. డాక్టరే అడిగి రాయించింది. అవి పెరిగిన నేలని బట్టి ఒక్కో గింజలో 68 నుంచి 91 మైక్రోగ్రాముల దాకా సెలీనియం ఉండొచ్చు. మూడు గింజలంటే తక్కువలో తక్కువ 200 దాటింది. అన్నీ కలిపితే 440 పైమాటే, అన్నం పప్పుల్లోంచి వచ్చేది కాక. అమెరికా లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది 55, దాటకూడని గీత 400. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో ఆ గీతని 255కి దించింది. సెలీనియం మితిమీరిందనడానికి తొలి గుర్తుగా వాళ్ళు తీసుకున్నది జుట్టు రాలడాన్నే.

నన్ను ఆలోచనలో పడేసింది ఇది: ఏ సీసా లేబుల్ చూసినా తప్పు లేదు. దేనికది హద్దులోనే ఉంది. రోజువారీ మోతాదు మించొద్దని సీసా మీద రాస్తారు గానీ, పక్క సీసాలో ఏముందో దానికెలా తెలుస్తుంది? విటమిన్ ఎ కూడా మూడు చోట్ల కనిపించింది: మల్టీవిటమిన్, గమ్మీలు, కాడ్ లివర్ ఆయిల్. కలిపితే 3000 మైక్రోగ్రాముల హద్దుకి కొంచెమే ఇవతల. అది లివర్‌లో నిలవ ఉండిపోయే రకం, బి విటమిన్లలా ఒంట్లోంచి తేలిగ్గా పోదు. అది ఎక్కువైనా జుట్టు రాలుతుంది. మరి రైతుబజార్ నుంచి తెచ్చుకునే మునగాకు, క్యారెట్, బొప్పాయి మానాలా అని అడిగితే ఆవిడ నవ్వేసింది. వాటిలో ఉండేది బీటా కెరోటిన్. ఒళ్ళు తనకి కావలసినంతే దాన్ని విటమిన్ ఎగా మార్చుకుంటుంది.

సెలీనియం పరీక్షకి శాంపిల్ బయటి ఊరికి పంపారు. రిపోర్టు హద్దు పైనే వచ్చింది. వెల్లుల్లి వాసనకీ అదే కారణం. ఎక్కువైన సెలీనియంని ఒళ్ళు ఊపిరి దారిన కూడా బయటికి పంపుతుంది, ఆ వాయువు వాసన అలా ఉంటుంది. ఇంటికెళ్ళగానే ముందు మా అత్తయ్యకే చెప్పాను. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప సప్లిమెంట్‌లో లేబుల్ మీద రాసినదానికి 200 రెట్లు సెలీనియం కలిసిపోయి, 10 రాష్ట్రాల్లో 201 మంది జబ్బుపడ్డారట. వాళ్ళలోనూ చాలామందికి జుట్టు రాలింది, గోళ్ళు పాడయ్యాయి. అదెక్కడ, నాదెక్కడ. అయినా గుర్తులు అవే.

అన్నీ ఆపించి, ఐరన్ ఒక్కటే రాసింది. నా ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వని చూపే లెక్క, నిజంగానే తక్కువుంది. అంత సరంజామాలో నాకు అవసరమైన ఆ ఒక్కటీ సరిపడా లేకపోవడం వింతే.

ఆపాక వెంటనే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. అప్పటికే విశ్రాంతి దశలోకి వెళ్ళిన వెంట్రుకలు ఎలాగూ రాలాల్సిందే, దానికి రెండు మూడు నెలలు పడుతుందని డాక్టర్ ముందే చెప్పింది. చెప్పినా సరే, బాత్రూం జాలీలో ఉండ చుట్టుకున్న జుట్టు చూస్తే గుండె జారిపోయేది. ఈ మధ్యలోనే కొత్త నూనెలు, కొత్త సీరంలు, "మా తోడికోడలు వాడింది" అనే సలహాలు ముసురుకుంటాయి. నాకైతే ఆపడం కన్నా ఊరుకోవడమే కష్టమైంది. వాసన మాత్రం త్వరగానే పోయింది. బొటనవేలి గోటి మీద గీత నెలకి మూడు మిల్లీమీటర్ల లెక్కన ముందుకి జరుగుతూ వచ్చింది, చివరికి నెయిల్ కట్టర్‌తో కత్తిరించేశాను.

ఇప్పుడు పాపిడి పక్కన పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, క్లిప్పుకి అందవు. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు, మహా అయితే ఇంకాస్త పెరుగుతుంది. అవి జడలో కలవాలంటే రెండేళ్ళ పైమాటే. మా వదిన ఈసారి ఏం తెమ్మంటావని ఫోన్ చేస్తే, బాదం పప్పు తెమ్మన్నాను.