తరగతి బ్లాగు: ఈమెయిలు దగ్గర మొదలై ఒత్తుల దాకా

ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలు, బొమ్మలు ఒకచోట పెట్టడానికి సొంత హోస్టింగులో వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాను. గూగుల్ వాళ్ల బ్లాగర్ ఎందుకు కాదంటే, అందులో రచయితగా చేర్చిన ప్రతివాళ్లూ నేరుగా పబ్లిష్ నొక్కేయగలరు. పిల్లాడు రాయాలి, టీచరు చూడాలి, ఆ తర్వాతే బయటికి రావాలి. వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ అనే హోదా ఇస్తే ఇది కుదురుతుంది.

మొదటి చిక్కు ఖాతాలు. ఒక్కో ఖాతాకు ఒక్కో ఈమెయిలు అడుగుతుంది. సర్కారు బడి పిల్లలకు అవెక్కడివి? ఉన్నా తీసుకోకపోవడమే మేలంటాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అందుకని క్లాసు పేరిట ఒకే జీమెయిలు తెరిచి, ఎట్ గుర్తుకు ముందు ప్లస్ పెట్టి రోల్ నంబరు తగిలించాను. వర్డ్‌ప్రెస్‌కు అవి వేర్వేరు చిరునామాలు, మెయిళ్లు మాత్రం ఒకే ఇన్‌బాక్సులో పడతాయి. ఎవరు పాస్‌వర్డ్ మర్చిపోయినా లింకు నాకే వస్తుంది. యూజర్‌నేమ్‌లో తెలుగు అక్షరాలు చెల్లవు. నిక్‌నేమ్ గడిలో తెలుగు పేరు రాసి, దాని కింది జాబితాలో అదే కనపడేలా ఎంచుకోవాలి. ఇంటిపేరు అక్కర్లేదు.

ల్యాబులో ఒకే కంప్యూటరు మీద ఇద్దరు ముగ్గురు కూర్చుంటారు కదా, ఒకరి రాత ఇంకొకరి పేరు మీద పడడం మామూలే. ‘రిమెంబర్ మీ’ టిక్కు పెడితే లాగిన్ 14 రోజులు నిలిచిపోతుంది, దాన్ని ముట్టుకోవద్దని ముందే చెప్పాలి. పేరు మారిపోతే పోస్టు పక్కనున్న ఆథర్ జాబితాలో సరిచేయొచ్చు.

కంట్రిబ్యూటర్ హోదాలో అసలు ఇబ్బంది బొమ్మలు. రాసి రివ్యూకు పంపగలరే గానీ ఫొటో ఎక్కించలేరు. పోనీ అని ఆథర్ హోదా ఇస్తే పబ్లిష్ కూడా చేతికొచ్చేస్తుంది! బొమ్మలు నేనే ఎక్కిస్తాను. రివ్యూకు ఏదైనా వచ్చిందని మనకు మెయిల్ రాదు, పెండింగ్ జాబితా మనమే తెరిచి చూసుకోవాలి. ఒకసారి పబ్లిష్ అయ్యాక పిల్లాడు తన రాతను తనే దిద్దుకోలేడు, మళ్లీ డ్రాఫ్ట్‌కు మార్చి ఇవ్వాలి. అందుకే దిద్దుబాట్లన్నీ పబ్లిష్‌కు ముందే తేల్చేస్తాను.

ఫొటోలతో ఇంకో రెండు తలనొప్పులు. ఫోన్లో తీసినవి ఒక్కోటి 3-5 ఎంబీ ఉంటాయి, సర్వర్లో పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ను నడిపించే ప్రోగ్రాము) హద్దు మార్చకపోతే 2 ఎంబీ దాటినవి ఎక్కవు. పైగా లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారో ఫైలులోనే ఉండిపోతుంది. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా కాకుండా మామూలు ఫొటోగా పంపించుకుని, దాన్నే వాడితే సైజూ తగ్గుతుంది, లొకేషనూ పోతుంది. పోస్టుకు పాస్‌వర్డ్ పెట్టాం కదా అని పిల్లల ముఖాలు పెట్టకండి. పేజీకి తాళం పడుతుంది గానీ ఫొటో లింకు తెలిసినవాళ్లకు అది తెరుచుకుంటూనే ఉంటుంది. ‘ప్రైవేట్’ పెడితే మరీ విడ్డూరం, ఎడిటర్, అడ్మిన్ తప్ప తోటి పిల్లలు కూడా చూడలేరు.

ఇక తెలుగు. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి, ముందు యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతిలోకి, మార్చుకోవాలి. పోస్టు లింకు శీర్షిక నుంచే తయారవుతుంది. అక్షరం, గుణింతం, హల్లు కింద దాగిన పొల్లు, ఒక్కోటీ లింకులో శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది. ‘స్వాతంత్ర్య దినోత్సవం’ అన్న రెండు మాటలకే, మధ్య గీతతో కలిపి, 181 అయిపోతాయి. హద్దు 200, మూడో మాట మధ్యలోనే తెగిపోతుంది. వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ లింకును చూసి వైరస్ అనుకునే తల్లిదండ్రులూ ఉంటారు. పబ్లిష్ చేసేముందే స్లగ్ గడిలో (లింకు చివర వచ్చే పేరు అదే) ఇంగ్లిషు అక్షరాల్లో చిన్న పేరు పెట్టేయాలి, తర్వాత మార్చినా అప్పటికే పంచిన పొడుగు లింకు అలాగే ఉండిపోతుంది.

చివరిది శీర్షికల ఎత్తు. చాలా థీముల్లో శీర్షిక వరుసల ఎడం 1.2 దగ్గరుంటుంది. ఇంగ్లిషుకు అది చాలు, ‘రాష్ట్రం’ లాంటి మాట వస్తే ఒత్తులు కింది వరుస మీద పడతాయి. స్టైల్స్‌లో టైపోగ్రఫీ తెరిచి లైన్ హైట్ 1.6 లేదా 1.7 చేయండి, లెటర్ స్పేసింగ్ సున్నా పెట్టండి.