బాబాయికి వైకుంఠంలో తోస్తుందా?

ముక్కోటికి, అదే వైకుంఠ ఏకాదశికి, భద్రాచలం వెళ్ళాం. ముందు రోజు సాయంత్రం గోదావరిలో హంస వాహనం మీద తెప్పోత్సవం చూసి, రాత్రి రెండు మూడు గంటలు కునుకు తీసి, ఇంకా చీకటి ఉండగానే ఉత్తర ద్వారం ఎదురుగా జనంలో నిలబడ్డాం. మా బాబాయి మాత్రం రాలేదు. రిటైరైన లెక్కల మాస్టారు ఆయన. దేవుడు లేడని దండోరా వేసే రకం కాదు గానీ, ఉన్నాడని ఎవరైనా అంటే "ఎట్లా తెలిసింది?" అని మాత్రం అడుగుతాడు. "మీరు పోయి రండి, చెప్పులు నేను చూస్తా" అని మఫ్లర్ చుట్టుకుని ఒక అరుగు మీద కూర్చున్నాడు.

సాంబ్రాణి పొగలో తలుపులు తెరుచుకున్నాయి. గరుడ వాహనం మీద రాముడు. చుట్టూ ఒకటే జయజయధ్వానాలు. నిజం చెప్పాలంటే ఆ కాసేపూ నేను ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూనే ఉన్నా. స్వామిని చూసింది ఆరంగుళాల తెర మీదే.

తర్వాత టీ కొట్టు దగ్గర పిన్ని నిష్ఠూరం మొదలుపెట్టింది. "ఎన్ని ముక్కోట్లు చూసి ఏం లాభం? రేపు నేనొక్కదాన్నే వైకుంఠానికి పోవాలి. ఈయన ఎక్కడుంటాడో ఏమో."

బాబాయి టీ ఊదుకుంటూ, "నన్ను లాక్కెళ్ళినా నాకక్కడ తోచదే. పొద్దున్నే పేపరు రాదు. తప్పు లెక్క చేసేవాడు ఒక్కడూ ఉండడు. అందరూ ఒకే మాట మీదుంటే ఇంక నేనెవరితో మాట్లాడను?" అన్నాడు.

అందరం నవ్వాం. పిన్ని నవ్వలేదు.

నమ్మనివాడికి మోక్షం ఉందా లేదా అన్న వాదన చాలాసార్లు విన్నాను. ఒకవేళ దొరికితే వాడికి అక్కడ బాగుంటుందా అన్నది మాత్రం బాబాయి నోటే మొదటిసారి వినడం.

స్వర్గం వేరు, వైకుంఠం వేరు. మనం మాటల్లో రెండూ కలిపేస్తాం. స్వర్గమైతే బాబాయికి ఏ ఇబ్బందీ లేదు. అమృతం తాగడానికీ, రంభా ఊర్వశుల నాట్యం చూడడానికీ పుణ్యం ఉంటే చాలు. అదీ బ్యాలెన్సు ఉన్నన్నాళ్ళే. "క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి" అని గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు ఖరాఖండిగా చెప్పాడు. భారతం అరణ్యపర్వంలో ముద్గలుడని ఒక ముని ఉన్నాడు. కురుక్షేత్రంలో రాలిన గింజలు ఏరుకుని బతికేవాడు, అందులోనే అతిథులకు పెట్టేవాడు. ఆయన కోసం దేవదూత విమానం తెస్తే, ఎక్కే ముందు "అక్కడ మంచేమిటి, చెడేమిటి?" అని అడిగాడు. మా బాబాయి అడిగే తీరులోనే! దూత కూడా దాచలేదు. అక్కడ ఉన్న పుణ్యం ఖర్చు కావడమే తప్ప కొత్తగా సంపాదించుకునే వీల్లేదు, తనకంటే ఎక్కువ వెలిగేవాళ్ళను చూస్తే కడుపు మండుతుంది, మెడలో దండ వాడిందంటే కిందపడే ఘడియ వచ్చినట్టే అన్నాడు. స్వర్గానికి పోయినా సవతి పోరు తప్పలేదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ముద్గలుడు దణ్ణం పెట్టి విమానాన్ని వెనక్కి పంపేశాడు.

అసలు స్వర్గానికి వెళ్ళి అక్కడ ఉండలేకపోయినవాడెవరు? ధర్మరాజు. స్వర్గారోహణ పర్వంలో ఆయన లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా దుర్యోధనుడు, గొప్ప ఆసనం మీద సూర్యుడిలా వెలిగిపోతూ కనిపిస్తాడు. యుద్ధంలో వెన్నుచూపకుండా చచ్చిన క్షత్రియుడు కాబట్టి ఆయనకు ఆ లోకం దక్కింది. హాయిగా కూర్చున్నాడు. ధర్మరాజుకు ఒళ్ళు మండింది. వీడున్న చోట నేనుండను, నా తమ్ముళ్ళెక్కడ అన్నాడు. ఇక్కడ పగలుండవయ్యా అని నారదుడు నవ్వుతూ సర్దిచెప్పబోయినా వినలేదు. దేవదూత ఆయన్ని చీకటి దారిలో, కుళ్ళు కంపులో నడిపించాడు. భరించలేక వెనక్కి తిరగబోతుంటే గొంతులు వినిపించాయి. "కాసేపు ఉండు, నీ ఒంటి గాలి తగిలితే మాకు హాయిగా ఉంది." ఎవరని అడిగితే, కర్ణుణ్ణి, భీముణ్ణి, అర్జునుణ్ణి, ద్రౌపదిని అని జవాబులు. ధర్మరాజు దూతతో, నువ్వు వెళ్ళు, నేనిక్కడే ఉంటానని చెప్పేశాడు. ఆ నరకం మాయేనని ఇంద్రుడు తర్వాత చెబుతాడు. కానీ ధర్మరాజు ఆ మాట అన్నప్పటికి ఆయనకు అది మాయని తెలియదు.

ఈ ఘట్టం గుర్తొచ్చాకే పిన్ని ఎందుకు నవ్వలేదో అర్థమైంది. బాబాయికి అక్కడ తోచదన్నది ఆయన బాధ. ఆయన లేని వైకుంఠంలో తనకు తోచదన్నది ఆవిడ బాధ. ఏళ్ళ తరబడి ధనుర్మాసం తెల్లవారుజామున తిరుప్పావై వదలని మనిషి ఆవిడ.

ఇక వైకుంఠం సంగతి. అక్కడ ఉన్నదల్లా స్వామి, ఆయన కైంకర్యం, అంటే సేవ. అది రుచించినవాడికే ఆ చోటు. ఆ రుచి మాటే పోతన ప్రహ్లాదుడి నోట చెప్పించాడు. గురువు అడిగితే పిల్లవాడు ఇచ్చిన జవాబది.

"మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు?
నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు రాయంచ సనునే తరంగిణులకు?"

మందార తేనె మరిగిన తుమ్మెద ఉమ్మెత్తకు పోతుందా? ఆకాశగంగ అలల మీద ఊగే రాయంచ మామూలు ఏళ్ళకు పోతుందా? ఆ తర్వాత లేత మామిడి చిగుళ్ళు మేసిన కోయిల కొడిసె చెట్టు వాలుతుందా అంటాడు. చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టిన పద్యమే. ఇన్నేళ్ళకు ఒక సంగతి తట్టింది. ఇందులో ఉమ్మెత్త మీద వాలిన తుమ్మెదను ప్రహ్లాదుడు ఒక్క మాట అనలేదు. నా మనసు ఇటు మరిగింది, అటు పోదు, నన్నేం చేయమంటారు అన్నాడంతే. మరి అదే పద్యాన్ని తిరగేస్తే? పేపరూ వాదనా మరిగిన తుమ్మెదను తీసుకెళ్ళి మందారం మీద కూర్చోబెడితే అది ఎంతసేపుంటుంది? "చెప్పు దినెడి కుక్క చెరకు తీపెరుగునా" అన్న వేమన మాటను ఇలాంటి చోట కొందరు వాడేస్తుంటారు. అది నాకు నచ్చదు. ఆయన అన్నది అధికారం చేతికొచ్చిన అల్పుణ్ణి, అరుగు మీద కూర్చున్న మాస్టారిని కాదు.

రుచి మాట వస్తే తమిళ వైష్ణవ భక్తకవి తొండరడిప్పొడి ఆళ్వారును తలుచుకోవాలి. మనకు విప్రనారాయణుడిగా తెలిసినాయన. తొండరడిప్పొడి అంటే భక్తుల పాదధూళి అని అర్థం. అచ్యుతా అని నిన్ను పిలిచే ఈ రుచి వదులుకుని, ఇంద్రలోకాన్ని ఏలే ఆ రుచి దొరికినా నాకొద్దు రంగా అన్నాడు. అంటే రుచి ఇక్కడే పుట్టాలి. ఇక్కడ పుట్టనిది అక్కడికెళ్ళాక ఎక్కడినుంచి వస్తుంది? ఈ ప్రశ్న బాబాయికంటే నాకే ఎక్కువ గుచ్చుకుంది. తలుపు తెరిచిన కాసేపట్లో ఫోన్ చూసుకున్నవాడికి, తెరలూ తలుపులూ లేనిచోట తోస్తుందా?

పోతనదే ఇంకో పద్యం ఉంది. "కామోత్కంఠత గోపికల్, భయమునం గంసుండు" అని మొదలై, వైరంతో శిశుపాలుడూ, చుట్టరికంతో వృష్ణులూ, ప్రేమతో మీరూ, భక్తితో మేమూ హరిని చేరామంటాడు నారదుడు ధర్మరాజుతో. పగవాడికి కూడా దారి ఉంది. హిరణ్యకశిపుడు హరిని తిట్టడానికైనా పొద్దస్తమానం తలుచుకున్నాడు. మరి తిట్టనివాడు, తలవనివాడు? ఆ పద్యంలో బాబాయి కోసం ఒక పాదం వెతికాను. కనబడలేదు. ఒకవేళ ఉంటే 'సంబంధులై' అన్నచోట ఉండాలి, పిన్ని వైపు చుట్టరికం కింద. ఇది నా ఊహ, ఏ పండితుడూ ఒప్పుకోకపోవచ్చు.

అన్నట్టు, హిరణ్యకశిపుడు అంతకుముందు వైకుంఠంలో ఉన్నవాడే. జయవిజయుల్లో ఒకడు. వాళ్ళ ఉద్యోగం లోపల కాదు, గుమ్మం దగ్గర.

మేం దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి బాబాయి ముందు మా చెప్పులే కాక ఇంకో పదిపదిహేను జతలున్నాయి. ఎవరెవరో తెలియనివాళ్ళు వదిలి వెళ్ళారట. ఏ జతకు ఆ జత విడిపోకుండా, లెక్కల మాస్టారు కదా, వరసలు పెట్టాడు. ఒక ముసలమ్మ నడుం వంగక ఇబ్బంది పడుతుంటే, "ఆగమ్మా" అని కిందికి దిగి, చెప్పులకంటిన గోదావరి ఇసుక మఫ్లర్ కొసతో దులిపి, ఒక్కొక్కటే ఆవిడ కాలికి తొడిగాడు. ఆవిడ ఆయన తల మీద చెయ్యి పెట్టి, "దర్శనం బాగా అయిందా నాయనా?" అంది.

"అయిందమ్మా" అన్నాడు బాబాయి.