హ్యాంగోవర్ విషయంలో ముందురోజు చేయగలిగింది

నాలుగేళ్లపాటు నా ప్రయాణపు సంచిలో ఒక మందుల డబ్బా ఉండేది. అందులో బి కాంప్లెక్స్ మాత్రలు, విటమిన్ సి, మిల్క్ థిసిల్ అనే మూలిక క్యాప్సూళ్లు, యాక్టివేటెడ్ చార్‌కోల్ అనే శుద్ధి చేసిన బొగ్గుపొడి మాత్రలు, రెండు రకాల నొప్పి మాత్రలు ఉండేవి. స్నేహితులతో మద్యం తీసుకునే ప్రతి సాయంత్రం కొన్నింటిని ముందుగా, మరికొన్నింటిని పడుకోబోయే ముందు వేసుకునేవాడిని. మరునాడు తల తేలికగా ఉంటే మాత్రలు పనిచేశాయని, బరువుగా ఉంటే మోతాదు చాలలేదని అనుకునేవాడిని. ఇలా ఆలోచించేవాడికి ఏ మాత్రా ఎన్నటికీ పనికిరానిదిగా కనిపించదు. చివరికి ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఆ పూట ఏం తిన్నాను, ఎంత తాగాను, ఎన్ని గంటలు నిద్రపోయాను, తెల్లవారాక ఎలా ఉంది అని ఏడాదిపాటు రాసుకున్నాను. ఉదయపు స్థితిని నిర్ణయించినవి రెండే విషయాలని అప్పుడు తేలింది: తాగడానికి ముందు కడుపునిండా తిన్నానా లేదా, మొత్తం ఎంత తాగాను. మాత్రలకూ మరునాటి తలనొప్పికీ సంబంధమే కనిపించలేదు. ఒక్క మనిషి రాసుకున్న పుస్తకం శాస్త్రం కాదు కనుక, ఆ తర్వాత ఈ విషయం మీద జరిగిన పరిశోధనలను శ్రద్ధగా చదివాను. అవి చెప్పేదీ దాదాపు ఇదే.

మద్యంలోని ఇథనాల్‌ను కాలేయం ముందుగా అసిటాల్డిహైడ్‌గా, తర్వాత అసిటేట్‌గా మారుస్తుంది. ఈ పనికి దానికొక వేగం ఉంది. సగటున గంటకు 7 నుంచి 10 గ్రాముల ఇథనాల్‌ను మాత్రమే అది వదిలించగలదు. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 330 మిల్లీలీటర్ల బీరులో సుమారు 13 గ్రాములు, 40 శాతం ఉన్న 60 మిల్లీలీటర్ల మద్యంలో సుమారు 19 గ్రాములు ఉంటాయి. అంటే ఆ 60 మిల్లీలీటర్లకే రెండు నుంచి మూడు గంటలు పడుతుంది. అలాంటివి నాలుగు తీసుకుంటే కాలేయం ఎనిమిది నుంచి పదకొండు గంటలు పనిచేయవలసి వస్తుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం, నిమ్మరసం వంటివేవీ ఈ వేగాన్ని పెంచవు. ఇందులో చాలామందిని ఆశ్చర్యపరిచే సంగతి ఏమిటంటే, హ్యాంగోవర్, అంటే తాగిన మరునాటి తలనొప్పి, వికారం వంటి బాధ, పతాకస్థాయికి చేరేది రక్తంలో ఆల్కహాల్ దాదాపు సున్నాకు దిగిన సమయంలో. రాత్రంతా శరీరంలో రేగిన వాపు ప్రక్రియ, ఒరుసుకుపోయిన జీర్ణాశయపు లోపలి పొర, తగ్గిన నీరు, తెగిపోయిన నిద్ర అప్పుడు అన్నీ కలిసి బయటపడతాయి. మద్యం నిద్రను త్వరగా రప్పిస్తుంది గాని, రాత్రి రెండో సగంలో దాన్ని ముక్కలు చేస్తుంది; ఎనిమిది గంటలు పడుకున్నా అలసట తీరకపోవడానికి అదొక కారణం.

ఆహారం నిజంగా సాయపడేది వీటన్నిటికన్నా ముందున్న మెట్టు దగ్గర, అంటే మద్యం రక్తంలోకి చేరే చోట. మద్యం జీర్ణాశయంలో కొద్దిగానే ఇంకుతుంది. దాన్ని వేగంగా రక్తంలోకి పంపేది విశాలమైన లోపలి ఉపరితలం ఉన్న చిన్నపేగు. కడుపు ఖాళీగా ఉంటే మద్యం నిమిషాల్లో పేగులోకి జారిపోతుంది. కడుపులో ఆహారం ఉన్నప్పుడు జీర్ణాశయం కింది ద్వారం దాన్ని అరిగించే దాకా కొద్దికొద్దిగా మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి, ఆహారంతో పాటు మద్యం కూడా అక్కడే ఆగుతుంది. ఫలితంగా రక్తంలో ఆల్కహాల్ గరిష్ఠస్థాయి స్పష్టంగా తగ్గుతుంది. కొవ్వు, మాంసకృత్తులు, పిండిపదార్థాలు మూడూ ఇందుకు పనికివస్తాయి. నా అనుభవంలో ఏది తిన్నానన్నదాని కన్నా పూర్తి భోజనం చేశానా, చిరుతిండితో సరిపెట్టానా అన్నదే ముఖ్యం. ఉప్పు ఎక్కువగా ఉన్న చిరుతిండి దాహాన్ని పెంచి, చేతిలో ఉన్న గ్లాసునే మరింత త్వరగా ఖాళీ చేయిస్తుంది. అర్ధరాత్రి చివరి గ్లాసు తర్వాత చేసే భోజనం ఆకలి తీరుస్తుందే తప్ప, అప్పటికే రక్తంలో చేరిన మద్యాన్ని పీల్చుకోదు. ఈ ఒక్క అపోహను వదులుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

రోజువారీ ఆహారం విషయంలో ఒక ఆసక్తికరమైన సూచన ఉంది. జింక్, నికోటినిక్ ఆమ్లం (బి3 విటమిన్ రూపం) ఆహారంలో ఎక్కువగా తీసుకునేవారిలో హ్యాంగోవర్ తీవ్రత తక్కువగా ఉన్నట్టు 2019లో వెలువడిన ఒక చిన్న అధ్యయనం గమనించింది. ఇది సంబంధాన్ని చూపిందే గాని, కారణాన్ని నిరూపించలేదు. మాంసం, చేపలు, పప్పుధాన్యాలు, గింజలు తినడానికి ఇంతకన్నా మంచి కారణాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, దీని కోసం విడిగా మాత్రలు కొనాలని నేను అనను.

నీటి గురించి నా అభిప్రాయం కొంత మారింది. మద్యం వాసోప్రెసిన్ అనే హార్మోనును అణచివేస్తుంది. అందువల్ల మూత్రపిండాలు నీటిని నిలుపుకోలేవు. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నీళ్లు తాగితే మరునాడు దాహం, నోరెండటం తగ్గుతాయి, అంతకన్నా విలువైన లాభంగా తాగే వేగం మందగిస్తుంది. తలనొప్పీ వికారమూ మాత్రం నీటితోనే తీరిపోవు, ఎందుకంటే నిర్జలీకరణం హ్యాంగోవర్‌తో పాటు వచ్చే సమస్యే గాని దాని మూలం కాదు. మద్యం రకానికీ కొంత పాత్ర ఉంది: 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, వోడ్కా కన్నా 37 రెట్లు ఎక్కువ కంజెనర్లు, అంటే పులిసేటప్పుడూ నిల్వలోనూ చేరే ఇతర పదార్థాలు, ఉన్న బర్బన్ అనే అమెరికన్ విస్కీ తాగినవారికి మరునాటి బాధ ఎక్కువగా కలిగింది. ముందు బీరా, ముందు వైనా అన్న పాత వాదన మాత్రం జర్మనీలో 90 మందిపై జరిపి 2019లో ప్రచురించిన పరీక్షలో నిలబడలేదు. వరుస మార్చినా ఫలితం మారలేదు.

ఇక సప్లిమెంట్ల విషయం. ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రతో, పోల్చి చేసిన 21 పరీక్షలను, మొత్తం 386 మంది సమాచారంతో పరిశీలించిన ఒక సమీక్ష 2022లో 'అడిక్షన్' పత్రికలో వచ్చింది. లవంగ సారం, టోల్ఫెనామిక్ ఆమ్లం అనే నొప్పి మందు, బి6 విటమిన్‌కు దగ్గరి రూపమైన పైరిటినాల్ కొంత మేలు చూపాయి గాని, ఆ ఆధారాల నాణ్యత చాలా తక్కువని రచయితలే తేల్చారు. ఆ 21 పరీక్షల్లో ఏ రెండూ ఒకే మందును పరిశీలించలేదు, ఎనిమిది పరీక్షల్లో స్త్రీలే లేరు. నాగజెముడు సారాన్ని తాగడానికి కొన్ని గంటల ముందు ఇస్తే వికారం, నోరెండటం కొంత తగ్గాయని 2004 నాటి ఒక పరీక్ష చెప్పింది. ప్రకటనల్లో విరివిగా కనిపించే డైహైడ్రోమైరిసెటిన్ అనే మొక్కల పదార్థానికి పేరు తెచ్చింది ఎలుకలపై జరిగిన ప్రయోగాలు. ఎన్-అసిటైల్ సిస్టీన్ పారాసెటమాల్ విషప్రభావానికి విరుగుడుగా ఆసుపత్రుల్లో ప్రాణాలు కాపాడే మందు. హ్యాంగోవర్ కోసం మనుషులపై పరీక్షించినప్పుడు మొత్తం మీద తేడా కనిపించలేదు. దీర్ఘకాలంగా ఎక్కువ తాగేవారికి థయమిన్ (బి1 విటమిన్) లోపం నిజంగానే వస్తుంది, వారికి వైద్యులు దాన్ని ఇవ్వడం అత్యవసరం. సరిగా తినేవారికి ఒక్క రాత్రి మింగే మాత్ర వల్ల అలాంటి లాభమేదీ ఉండదు. చార్‌కోల్ ఆల్కహాల్‌ను పట్టి ఉంచలేదు. ఈ మాత్రలతో నాకు కలిగిన అసలు నష్టం డబ్బు కాదు. రక్షణ ఉందన్న ధైర్యంతో ఇంకో గ్లాసు తీసుకునేవాడిని.

నొప్పి మాత్రల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన అన్ని పొరపాట్లలో ఇదే ప్రమాదకరమైనది. పడుకునే ముందు పారాసెటమాల్ వేసుకుంటే ఉదయం తలనొప్పి రాదని నమ్మాను. ఆ మాత్ర ప్రభావం నాలుగైదు గంటల్లో తగ్గిపోతుంది, అప్పటికి తలనొప్పి ఇంకా మొదలై ఉండదు. పైగా ఆ మందులో కొంత భాగం కాలేయంలో ఒక విషపదార్థంగా మారుతుంది, దాన్ని నిర్వీర్యం చేసేది కాలేయంలోనే ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం. తరచుగా ఎక్కువ తాగేవారిలో ఆ విషం తయారీ పెరిగి, గ్లూటాథయోన్ నిల్వ తగ్గి ఉంటుంది. భోజనం మానేసి తాగితే నిల్వ ఇంకా తగ్గుతుంది. ఒక సాధారణ పరీక్ష కోసం వెళ్లినప్పుడు వైద్యురాలు ఈ అలవాటు గురించి విని, రాత్రిపూట ఆ మాత్రను పూర్తిగా మానేయమన్నారు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ కాలేయానికి బదులు కడుపును బాధిస్తాయి. మద్యంతో ఇప్పటికే ఒరుసుకుపోయిన పొర నుంచి రక్తస్రావం అయ్యే అవకాశాన్ని పెంచుతాయి. ఇప్పుడు నేను ఉదయం లేచి కొంచెం తిని, నీళ్లు తాగి, అప్పటికీ భరించలేకపోతేనే ఒక మాత్ర గురించి ఆలోచిస్తాను. రోజూ తాగే అలవాటున్నవారు, కాలేయ వ్యాధి లేదా అల్సర్ ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఆ ఒక్కటి కూడా వేసుకోకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారు పడుకునే ముందు తప్పక తినాలి, రక్తంలో చక్కెర పడిపోలేదని చూసుకోవాలి, ఎందుకంటే మద్యం కాలేయం కొత్తగా చక్కెర తయారు చేయడాన్ని ఆపుతుంది.

ప్రస్తుతం నేను పాటించేది ఇంతే: గ్లాసు పట్టుకోవడానికి గంట ముందే భోజనం ముగించడం, పోసే మోతాదును కంటితో అంచనా వేయకుండా కొలిచి పోసుకోవడం, ముందే అనుకున్న సంఖ్య దగ్గర ఆగడం. మరునాడు బాగానే ఉందనిపించినా మధ్యాహ్నం దాకా బండి నడపను, ఎందుకంటే ఆల్కహాల్ రక్తం నుంచి పోయిన తర్వాత కూడా ఏకాగ్రత, స్పందించే వేగం మందగించే ఉంటాయి. ఇవన్నీ హ్యాంగోవర్ గురించినవి. పక్కనున్న మనిషి తట్టినా లేవకపోతే, ఊపిరి మధ్యమధ్యలో ఆగుతుంటే, ఒళ్లు చల్లబడి నీలంగా మారుతుంటే అది హ్యాంగోవర్ కాదు, ఆల్కహాల్ విషప్రభావం. అప్పుడు కాఫీ తాగించడం, వాంతి చేయించడం వంటివి చేయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒంటరిగా వదలకుండా వెంటనే అంబులెన్సును పిలవాలి.